ఎక్కడికి అని అడగరాదు

పెళ్ళిచూపుల్లో అబ్బాయిని ఏదైనా అడగమ్మా అంటే, "మీకు ఎత్తంటే భయమా?" అని అడిగాను. "లేదండి. పెళ్ళయ్యాక మిమ్మల్ని మహానగరంలో స్తంభాల మీద నడిచే రైలు ఎక్కిస్తాను. ముందు పెట్టెలో, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా" అన్నారు త్రినాథ్. ఉద్యోగం సంగతీ ఇంటి సంగతీ మా నాన్న తర్వాత తీరిగ్గా అడిగారు గానీ, నా మటుకు సంబంధం ఆ మాటతోనే ఖాయమైపోయింది.

పెళ్ళయిన తొమ్మిదో రోజున బొబ్బిలి నుంచి మేమిద్దరం మహానగరంలో దిగాం. రెండు రోజులు మ్యూజియమూ బజార్లూ తిరిగాం. మూడో రోజు మొత్తం రైలు కోసమే అట్టేపెట్టుకున్నాం. ఆ సాయంత్రం ఐదున్నరకి మా ఊరి బస్సు. అది బయల్దేరేది ఊరి అవతలి కొసన, ఆఖరి స్టేషను కిందనుంచే. మర్నాటితో ఆయన సెలవు సరి.

పొద్దున్న తొమ్మిదికల్లా మొదటి స్టేషనుకి చేరాం. ఎస్కలేటరు మీద త్రినాథ్ నా చెయ్యి పట్టుకున్నారు. అంత చక్కని ఎస్కలేటరు నేనెక్కడా చూడలేదు.

"ఇరవై మూడు స్టేషన్లు, యాభై నిమిషాలు. రెండుసార్లు అటూ ఇటూ తిరిగొచ్చినా భోజనానికి టైముంటాది, హిరణ్" అన్నారు. నా పూర్తి పేరు హిరణ్మయి. పదకొండు రోజుల్లో సగానికి తగ్గించారు.

టికెట్ల కిటికీలో ఉన్న అమ్మాయి చేతులు జోడించి, నవ్వి, మా వంక చూస్తూ ఊరుకుంది. మేమూ నవ్వాం. ముగ్గురం అలా కొంతసేపు నవ్వుకున్నాక, "రెండు టికెట్లండి" అన్నారు త్రినాథ్.

"తప్పకుండా సార్." మళ్ళీ నవ్వు.

"ఎక్కడికి అని అడగరా?" అన్నాను నేను.

ఆ అమ్మాయి రెండు చెవులూ మూసేసుకుంది. తర్వాత ఒక చెయ్యి మెల్లిగా తీసి, తల పైనున్న బోర్డు చూపించింది. 'శుభమస్తు. ప్రయాణికులను ఎక్కడికి అని అడగరాదు. మహానగర ఆకాశరైలు సంస్థ, శకున విభాగం.'

నా ఒళ్ళు పులకరించింది. అచ్చం మా నాయనమ్మే! బయల్దేరే మనిషిని ఎక్కడికని అడిగితే వెళ్ళిన పని చెడుతుందని ఆవిడ నలభై ఏళ్ళు మా తాతగారిని ఒక్కసారీ అడగలేదు. ఆయన రోజూ వెళ్ళింది ఎదురింటికి పేకాటకని ఆయన పోయాకే తెలిసింది. అంతటి పట్టుదల ఒక రైలు సంస్థలో చూస్తాననుకోలేదు.

"మా ఎండీ గారు అవార్డు తీసుకోడానికి కారెక్కుతుంటే, గేటు దగ్గర సెక్యూరిటీ అతను 'ఎక్కడికి సార్' అన్నాడంట మేడం. అవార్డు వేరే ఊరి రైలుకి పోయింది. ఆ మర్నాడే విభాగం పెట్టారు" అంది కిటికీలో అమ్మాయి.

"మరి 'ఎందాకా' అనొచ్చు కదా?"

"మొదటి నెలంతా అదే అన్నాం మేడం. తర్వాత కమిటీ కూర్చుని, 'ఎందాకా' అంటే మారువేషంలో ఉన్న 'ఎక్కడికి' అని తేల్చింది. 'దూరమేనా' కూడా పోయింది. ఇప్పుడు నవ్వు ఒక్కటే మిగిలింది."

త్రినాథ్ వినయంగా తనంతట తానే ఆఖరి స్టేషను పేరు చెప్పారు. ఆ అమ్మాయి ప్రాణం లేచొచ్చినట్టు టికెట్లు కొట్టింది. అవి రానూపోనూ టికెట్లు. ఉత్తి పోయే టికెట్టు ఇవ్వరట. 'వెళ్తాను' అనడం అశుభం, 'వెళ్ళొస్తాను' అనాలి, అన్నాక రావాలి. గేటు దగ్గర మైకులో ఆ మాట చెబితేనే అడ్డు తొలుగుతుంది. రాత్రి ఎనిమిదిలోగా తిరిగి రాకపోతే సంస్థవాళ్ళు ఫోన్ చేసి, "వెళ్ళొస్తానన్నారు, రాలేదేమండీ?" అని నొచ్చుకుంటారట.

గేటు దగ్గర మా ముందున్న పెద్దాయన చంకలో దిండు పెట్టుకుని, "వెళ్ళొస్తాను" అని నీరసంగా మైకుకి చెప్పాడు.

"ఊరికెళ్తున్నారేటండి?" అని త్రినాథ్ పలకరించారు.

"ఇల్లు మారాను బాబూ. ఏడు వారాలైంది. రోజూ కొత్తింటికి వెళ్ళొస్తున్నాను. అక్కడ ఉండడమే కుదరట్లేదు."

ప్లాట్‌ఫారం మీదికి రాగానే నగరమంతా కాళ్ళ కింద కనిపించింది. డాబాల మీద ఆరేసిన చీరలు, నీళ్ళ ట్యాంకుల మీద పావురాలు, ఎవరి పెరట్లోనో ఎండబెట్టిన వడియాలు. రైలొచ్చింది. కుడికాలు పెట్టి ఎక్కాం. ముందు పెట్టె ఖాళీగానే ఉంది. కూర్చున్నాం. నేను త్రినాథ్ భుజం మీద తల ఆనించబోతుండగా వెనకెక్కడో ఎవరో తుమ్మారు.

ఒక్కటే తుమ్ము.

రైలంతా నిట్టూర్చింది. తలుపులు తెరుచుకున్నాయి. జనం అలవాటుగా దిగి, ప్లాట్‌ఫారం మీద వరసగా కూర్చుని, సీసాల మూతలు తీసి తలా గుక్కెడు మంచినీళ్ళు తాగారు. మేమూ దిగి తాగాం. అప్పుడు మెట్ల వైపు నుంచి ఖాకీ చొక్కా వేసుకున్న బక్కపలచటి మనిషి పరుగున వచ్చాడు. జేబులోంచి పొడుం డబ్బా తీసి, రెండు వేళ్ళతో ఒక పట్టు పీల్చి, స్టేషను అదిరేలా తుమ్మాడు. గార్డు వెంటనే పచ్చజెండా ఊపాడు.

"ఎవరండీ ఈయన?" అని పక్కావిడని అడిగాను.

"అప్పలకొండ అనీ, ద్వితీయ తుమ్ము సహాయకుడు. ఒంటి తుమ్ము అపశకునం, జంట తుమ్ము శుభం కదా. ఎవరు తుమ్మినా నిమిషంలోగా ఈయన రెండోది తుమ్మాలి. లేదంటే రైలు రద్దు."

జంట అంటేనే శుభమని సంస్థ కూడా ఒప్పుకున్నందుకు నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. త్రినాథ్ చెయ్యి నొక్కాను. ఇద్దరం మళ్ళీ రైలు వైపు నడిచాం. ఇంతలో ఒక పెద్దమనిషి మా దారికి కాస్త పక్కగా నిలబడి దణ్ణం పెట్టాడు. నుదుట నిలువుబొట్టు, మెడలో గుర్తింపు కార్డు. శకున విభాగం పర్యవేక్షణాధికారి, పానకాలరావు గారు.

"అమ్మా! తమరు నూతన వధువు అని పారాణిని బట్టి ఈ కార్యాలయం భావిస్తున్నది."

"అవునండి. పదకొండు రోజులు."

"శుభం. నిబంధన ప్రకారం బయల్దేరు ప్రతి రైలుకీ ఒక ముత్తైదువ ఎదురు రావలసి ఉన్నది. సదరు ఉద్యోగిని సోమవారం నుంచి పురిటి సెలవులో ఉన్నది. తమరు తాత్కాలిక ప్రాతిపదికన ఈ ఒక్క రైలుకి ఎదురు రావలసిందిగా కోరడమైనది."

అంత మర్యాదగా నన్నెవరూ ఏదీ కోరలేదు. ఒప్పుకున్నాను. పూలూ పసుపూ ఉన్న పళ్ళెం చేతికిచ్చారు. ప్లాట్‌ఫారం ఆ చివరికి వెళ్ళి, రైలుకి ఎదురుగా నడుచుకుంటూ వచ్చాను. గాజులు గలగల్లాడాయి. పెట్టెల్లోంచి జనం చూసి చేతులూపారు. రైలు దివ్యంగా బయల్దేరింది. మేం లేకుండా.

"అదేటి? మేం ఎక్కొద్దా?" అన్నారు త్రినాథ్.

"ఎలా ఎక్కుతారు?" అన్నారు పానకాలరావు గారు జాలిగా. "ఎదురొస్తే శకునం. వెంట వస్తే తోడు. శకున విభాగం పరిధిలోకి తోడు రాదు."

"పోనీ వచ్చే రైలుకి..."

"వచ్చే రైలుకి కూడా ముత్తైదువ కావాలి కదమ్మా."

ఆ తర్కంలో లోపం పట్టుకుందామని ఇద్దరం ప్రయత్నించాం. దొరకలేదు. రెండో రైలుకి ఎదురొచ్చాను. మూడో రైలుకి విభాగం నుంచి ఒక రిజిస్టరు వచ్చింది. ముత్తైదువ అనడానికి రుజువు కావాలని పైనుంచి అడిగారట. కాబట్టి ప్రతి రైలుకీ ముందు త్రినాథ్, 'పై ముత్తైదువ భర్తనైన నేను ఈ సమయానికి సజీవుడనై ఉన్నాను' అని రాసి సంతకం పెట్టాలి.

"పది నిమిషాల కిందటే రాశాను కదండి!"

"పది నిమిషాల కిందటి సంగతి పది నిమిషాల కిందటిది బాబూ. మనిషి జీవితం చూశారా..." అని ఆకాశం వైపు చూశారు పానకాలరావు గారు.

పన్నెండయ్యేసరికి నేను పదమూడు రైళ్ళకి ఎదురొచ్చాను. త్రినాథ్ పదకొండుసార్లు సజీవులయ్యారు. మొదట్లో పేరంతా రాసేవారు, తర్వాత పొట్టి సంతకం పెట్టారు. ఒకసారి విసుగొచ్చి 'బతికే ఉన్నాను మహాప్రభో' అని రాస్తే, నమూనాకి విరుద్ధమని మళ్ళీ రాయించారు. మధ్యలో సంస్థవారు పులిహోర పొట్లాలు పంపారు. ఒక పొట్లం ఇద్దరం పంచుకుని, వేరుశనగపప్పులు నాకు ఏరిపెడుతుంటే, రైలెక్కకపోయినా బాగానే ఉందనిపించింది. ఒక్క క్షణం మాత్రమే. తర్వాతి రైలు వెళ్ళిపోతుంటే దాని ముందు అద్దం ఎండకి తళుక్కుమంది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"రైలు ఎక్కాలనుందా?" అని ఎవరో అడిగారు.

స్తంభం చాటున బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. యాభై ఏళ్ళుంటాయి. సంస్థ నీలం చొక్కా, పొందిగ్గా కట్టిన ముడి, ఒళ్ళో టిఫిన్ డబ్బా. పొద్దున్నుంచీ అక్కడే ఉంది. నేనే చూడలేదు.

"ముందు పెట్టెలో ఎక్కాలండి. మీరు?"

"నేనూ అంతే. ఇంకా కాస్త ముందు." నవ్వింది. "నా పేరు సత్యవేణి. ఈ రైలు నడిపేదాన్ని. ఎనిమిదేళ్ళు నడిపాను."

"మరి ఇప్పుడు?"

"విశ్రాంతి విధులు. మా ఆయన పోయి రెండేళ్ళైంది. ఈ విభాగం పెట్టి రెండు నెలలైంది. రైలు ముందు నేను కూర్చుంటే ఇరవై మూడు స్టేషన్ల జనానికి ఎదురొస్తానంట. అందుకని స్తంభం వెనక కూర్చోబెట్టి జీతమిస్తున్నారు."

చేతిలో పసుపు పళ్ళెం ఒక్కసారిగా బరువెక్కింది.

"మా ఆయన బతికున్నప్పుడు మాత్రం ఆయన నడిపాడా అమ్మా?" అందావిడ. "ఆయనకి సైకిలు తొక్కడం కూడా రాదు. నా రైలెక్కి, 'మెల్లిగా పోనివ్వే సత్యా' అని ఫోన్లో భయపడేవాడు."

"మీరు గొడవ పెట్టలేదా ఆంటీ?" అన్నారు త్రినాథ్.

"అర్జీ పెట్టాను. ఖాళీగా కూర్చోలేక వీళ్ళ సర్క్యులర్లన్నీ చదివాను. పదిహేడు. కంఠతా వచ్చేశాయి. అందులో తమాషా ఏంటో తెలుసా? బయల్దేరిన మనిషిని ఇంకో మనిషి మాటతో ఆపడానికి ఒక్క నిబంధనా లేదు. ఎక్కడికని అడక్కూడదు, వెనక నుంచి పిలవకూడదు. కానీ ఏ రైల్లో చూసినా డ్రైవరుంటాడు. నేనెక్కి ఎవరి ఒళ్ళో కూర్చోను?"

మూడు గంటలకి పిల్లి ఎదురొచ్చింది.

నేల నుంచి ముప్పై అడుగుల ఎత్తున పిల్లేమిటని అడక్కండి. అది ఒక చిన్నపాప స్కూలు బ్యాగు మీది బొమ్మ. ఆ పాప వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని, ప్లాట్‌ఫారం కొసన, సరిగ్గా రైలు ముందు అద్దంలోంచి కనబడేలా, ఎడమ నుంచి కుడికి నడిచింది. డ్రైవరు దిగిపోయాడు. పిల్లి ఎదురైన ఉద్యోగి ఇంటికెళ్ళి, తలస్నానం చేసి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాలని తొమ్మిదో సర్క్యులర్. ఆయన ఇల్లు పదిహేడో స్టేషను దగ్గర. అక్కడికి వెళ్ళాలంటే రైలెక్కాలి. రైలు ఆయన వస్తే గానీ కదలదు. పానకాలరావు గారు ఈ విషయమై తగు సూచనల నిమిత్తం పైకి రాశారు.

నాలుగైంది. ప్లాట్‌ఫారం కిటకిటలాడుతోంది. పొద్దున్న వెళ్ళొచ్చిన దిండు పెద్దాయన మళ్ళీ బయల్దేరి వచ్చి, దిండు మీదే కూర్చున్నాడు. రైలు తలుపులు బార్లా తెరుచుకుని, ముందు గది ఖాళీగా నిలబడి ఉంది. ఇక యాభై నిమిషాల ప్రయాణమూ, బస్సుకి గంటన్నరా మిగిలాయి.

"ఆటో చేసుకుని బస్సుకి పోదాం, హిరణ్. రైలు ఇంకోసారి..." అని త్రినాథ్ నా మొహం చూసి ఆగిపోయారు. పెళ్ళిచూపుల మాట ఆయనకీ గుర్తుంది.

నేను స్తంభం వెనక్కి వెళ్ళాను. "ఆంటీ, డ్రైవరు లేని రైలొకటి వచ్చింది."

"చూస్తున్నాను." ఆవిడ టిఫిన్ డబ్బా మూత నొక్కి పెట్టింది. "ఎదురొచ్చే ముత్తైదువ ఉంటే గానీ బయల్దేరకూడదు, మూడో సర్క్యులర్."

"ఉంది కదండి" అన్నాను.

పది అడుగులు ముందుకెళ్ళి, తిరిగి, పళ్ళెం పట్టుకుని సత్యవేణి గారికి ఎదురు నడిచాను. రైలుకి కాదు, ఆవిడకి. పానకాలరావు గారు ఫైలు లోంచి తలెత్తారు. నేను ఆవిడ దాకా వచ్చి, పళ్ళెం బెంచీ మీద పెట్టేసి, వెనక్కి తిరిగి ఆవిడ పక్కన నడవసాగాను. ఎదురొస్తే శకునం, వెంట వస్తే తోడు. ఇక నేను విభాగం పరిధిలో లేను. త్రినాథ్ రిజిస్టరు మూసి, పెన్ను గార్డు జేబులో పెట్టి, బ్యాగు భుజాన వేసుకుని మా వెనకే వచ్చారు.

"ఎక్..." అన్నారు పానకాలరావు గారు.

ప్లాట్‌ఫారమంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ఆయన రెండు చేతులతో నోరు మూసుకున్నారు. ఆయన తల పైనే బోర్డుంది.

మేం నడుస్తూనే ఉన్నాం. జనం దారిచ్చారు.

"సత్యవే..." అని వెనక నుంచి వినిపించి, మధ్యలోనే తెగిపోయింది. వెనక నుంచి పిలవరాదు. ఐదో సర్క్యులర్. దాని మీది సంతకం కూడా ఆయనదే.

సత్యవేణి గారు డ్రైవరు గది తలుపు తీసి ఎక్కారు. మేం ముందు పెట్టెలో, ఆవిడ గదికి ఆనుకున్న అద్దం దగ్గర నిలబడ్డాం. జనం బిలబిలా ఎక్కేశారు. పానకాలరావు గారు పరుగెత్తుకుంటూ వచ్చి ప్లాట్‌ఫారం మీద డ్రైవరు గది పక్కన నిలబడ్డారు. అడగలేరు, పిలవలేరు. ఆయన కళ్ళు అటూ ఇటూ తిరిగాయి. ఆ మొహంలో హఠాత్తుగా ఒక వెలుగు కనిపించింది. కండువా కొస మెలిపెట్టి ముక్కులో దూర్చుకున్నారు.

తుమ్మారు.

ఒంటి తుమ్ము. స్టేషనంతా మారుమోగింది. అలవాటు పడ్డ నలుగురైదుగురు నీళ్ళ సీసాలు కూడా తీశారు. త్రినాథ్ నా వేళ్ళు గట్టిగా పట్టుకున్నారు. పానకాలరావు గారు ఉత్తర్వు మీద సంతకం పెట్టినంత తృప్తిగా ముక్కు తుడుచుకున్నారు.

సరిగ్గా అప్పుడు మెట్ల మీంచి అప్పలకొండ దూసుకొచ్చాడు. ఎవరు తుమ్మారో, ఎందుకు తుమ్మారో అతను చూడలేదు. చూడమని నిబంధన లేదు. ఒక పట్టు పీల్చి, కళ్ళు మూసుకుని, తన ఉద్యోగ జీవితంలోనే పెద్ద తుమ్ము తుమ్మాడు.

"శుభం!" అని అరిచి గార్డు పచ్చజెండా ఊపేశాడు.

"నువ్వెందుకు తుమ్మావయ్యా!" అని పానకాలరావు గారు నెత్తి కొట్టుకున్నారు.

"డ్యూటీ సార్" అన్నాడు అప్పలకొండ, ముక్కు చీదుకుంటూ.

తలుపులు మూసుకున్నాయి. రైలు కదిలింది. సత్యవేణి గారు మీటని చంటిబిడ్డని తాకినట్టు తాకారు. మలుపు తిరగ్గానే నగరం రెండుగా విడిపోయి మాకు దారిచ్చింది. ఒక డాబా మీద ఎవరో జడ ఆరబెట్టుకుంటున్నారు. ఇంకో డాబా మీద ఇద్దరు ముసలివాళ్ళు చదరంగం ఆడుతున్నారు, గెలుస్తున్నదెవరో కూడా కనిపించింది. కింద రోడ్డు మీద హారన్లన్నీ ఎవరివో. ఆకాశం మాది.

"ఎత్తంటే భయం లేదన్నారు?" అన్నాను. త్రినాథ్ కళ్ళు గట్టిగా మూసుకుని అద్దానికి అతుక్కుని ఉన్నారు.

"పెళ్ళిచూపుల్లో ఎవరు నిజం చెప్తారే!"

మైకు గరగరలాడింది.

"ప్రయాణికులకు నమస్కారం. నా పేరు సత్యవేణి. రెండు నెలలైంది ఈ సీట్లో కూర్చుని. స్టేషన్లన్నీ గుర్తున్నాయి గానీ, మిమ్మల్ని పలకరించి చాలా రోజులైంది." గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది. "అయితే ఏమ్మా, ఏమయ్యా... అందరూ ఎక్కడికి?"

వెనక పెట్టెలోంచి ఒక గొంతు, "గాజుల బజారుకమ్మా!" అని అరిచింది. "మార్కెట్టుకి!" "పరీక్షకి మేడం, ఆలస్యమైంది!" "మా అక్క కూతురి బారసాలకి!" అంటూ ఆరు పెట్టెలూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టాయి. రెండు నెలలుగా ఎవరూ అడగని సమాధానాలన్నీ బయటికొచ్చేశాయి. ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో పక్కవాళ్ళకి తెలిసిపోయింది. "మీరూ అక్కడికేనా, మాదీ ఆ వీధే" అని పరిచయాలయ్యాయి. దిండు పెద్దాయన లేచి నిలబడి, దిండు పైకెత్తి, రైలు కప్పు ఎగిరిపోయేలా అరిచాడు.

"ఇంటికి! మా ఇంటికి! వెళ్తున్నానంతే!"

అద్దంలోంచి సత్యవేణి గారు వెనక్కి తిరిగి మా ఇద్దరినీ చూసి కనుబొమ్మలెగరేశారు. మీరెక్కడికి, అని.

త్రినాథ్ కళ్ళు తెరిచారు. ఇద్దరం ఒకేసారి చెప్పాం.

"ఆ చివరిదాకా."